రెండో కాగితం

సూర్యాపేట,
7 జూలై 2024.

అత్తమ్మా,

ఫోన్‌లో నేనేం చెప్పినా నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు. సగం కూడా వినపడలేదని నాకు తెలుసు. చెవి మిషన్ కుయ్యిమంటుందని తీసి అల్మారాలో పెట్టేశావట, రామలింగం బావ చెప్పాడు. అందుకే కాగితం మీద పడ్డాను. ఎవరితోనైనా చదివించుకో. మా నాన్న నీకు రాసిన కార్డులన్నీ రేకు పెట్టెలో దాచుకున్నదానివి, నీకు ఉత్తరాలు కొత్త కాదు.

కొత్త ఉద్యోగం బాగానే ఉంది. హాస్టల్ ఉన్న జూనియర్ కాలేజీ, ఆరువందల మంది పిల్లలు. మెట్ల కింద నాకొక గది ఇచ్చారు. ఇదివరకు అందులో చీపుర్లు పెట్టేవాళ్ళట. ఊడ్చే రంగి ఇప్పటికీ పొద్దున్నే వచ్చి "మేడమ్, జర లేస్తరా, నా చీపురు మీ కుర్చీ ఎన్క ఉంటది" అంటుంది. లేస్తాను.

నా పని ఏమిటని అడిగావు. పిల్లలు వచ్చి కూర్చుంటారు, చెప్పుకుంటారు, నేను వింటాను. దీన్నే కౌన్సెలింగ్ అంటారు. ఎక్కువమంది చెప్పేది ఒకటే: "రేపటి నుంచి చదువుత మేడమ్." ఆ రేపు రాదు. ఒక అబ్బాయి సంగతి చెప్తాను, పేరు మాత్రం చెప్పను, మా పనిలో పేర్లు చెప్పకూడదు. వాడికి అప్పజెప్పింది చిన్న పని. మొదటిరోజు చెయ్యలేదు. రెండో రోజు చెయ్యడానికి సిగ్గేసింది. నెల తిరిగేసరికి ఆ పని పేరెత్తితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోతున్నాడు. అందరూ సోమరి అంటున్నారు. సోమరితనం కాదు అత్తమ్మా, భయం. అలాంటివాణ్ణి తిట్టకూడదు. పదేపదే అడగకూడదు. వాడంతట వాడు చిటికెడు పని మొదలుపెట్టేదాకా ఓపికగా పక్కన కూర్చోవాలి.

సరే, నీ కళ్ళ సంగతేమిటి? రెండు కళ్ళకూ పొర వచ్చిందని, కుడికన్ను ముందు చేయించాలని, దసరా దాటనివ్వొద్దని అక్కడి డాక్టర్ చెప్పాడు కదా. కోదాడ కంటి దవాఖానలో తేదీ తీసుకున్నారా? వచ్చే ఆదివారం నేనే వస్తాను, మాట్లాడుకుందాం.

నీ మేనకోడలు
వాసవి


మిర్యాలగూడ,
21 జూలై 2024.

వాసవీ, బిడ్డా,

నేను బాగనే ఉన్న, చెవి తప్ప, కన్ను తప్ప, మోకాలు తప్ప. నేను చెప్తుంటే ఆకాష్ రాస్తుండు. మా రామలింగం కొడుకు. నువ్వు చూసినప్పుడు నిక్కర్ల ఉండె, ఇప్పుడు బీకాం రెండో సంవత్సరం, గడ్డం పెంచిండు. రెండు పరీక్షలు ఆగినయి, మళ్ళ రాస్త అంటుండు. "గిది కూడ రాయాల్నా నాయనమ్మా" అని అడుగుతుండు. రాయి అన్న.

నీ ఉత్తరం కూడ వాడే నా మంచి చెవి దిక్కు కూసొని చదివిండు. నీ నౌకరీ ఏందో నాకు సమజ్ కాలె. పంతులమ్మవు కావు, పాఠం చెప్పవు. డాక్టరమ్మవు కావు, సూది ఏయవు. కూసొని ఇంటవు, దానికి జీతం ఇస్తరు. మీ మామ నలభై ఏండ్లు నేను చెప్పింది ఇనకుంటనే రైసుమిల్లు నడిపిండు. ఇనుడు కూడ ఒక నౌకరీ అని ఆయనకు తెల్వకుంటనే పోయిండు.

చిటికెడు మొదలుపెట్టుడు అని రాసినవు చూడు, అది మనకు తెలిసిందే. దాన్ని మనం బోణీ అంటం. మీ తాత పొద్దున దుకాణం తెరిచినంక మొదటి గిరాకిని వట్టి చేతుల్తోని పంపేటోడు కాదు. వాడు అడిగింది పిడికెడు ఉప్పే కానీ, బేరం గిట్టకపోనీ, ఇచ్చి పంపేది. ఆ పైసలు రెండు కండ్లకు అద్దుకొని గల్లపెట్టెల ఏసేది. బోణీ అయితె ఇగ రోజంతా నడుస్తదని ఆయన నమ్మకం.

నువ్వు పేరు చెప్పకపోయినా ఆ పిలగాని సంగతి నాకు సమజైంది. నువ్వు చెప్పినట్టే చేస్త, ఓపిక పడత.

కోదాడ పని రామలింగం ఆకాష్‌కే అప్పజెప్పిండు. మిల్లు ఇడిసి తాను పోలేడు. ఆకాష్ మొన్న గురువారం బస్సెక్కి పోయొచ్చిండు. తేదీ ఇస్తరట.

ఆదివారం వస్త అన్నవని బొబ్బర్ల గారెలు చేయించిన. రాలె. మేమే తిన్నం.

మీ అత్తమ్మ
పుష్పావతి


సూర్యాపేట,
18 ఆగస్టు 2024.

అత్తమ్మా,

గారెల సంగతి చదివి నాకు నేనే చీవాట్లు పెట్టుకున్నాను. ఆ ఆదివారం హాస్టల్‌లో ఇద్దరు పిల్లలకు జ్వరం. తర్వాతి ఆదివారం తల్లిదండ్రుల మీటింగు. ఆ తర్వాతి ఆదివారం ఏం అడ్డొచ్చిందో నాకే గుర్తు లేదు.

నీ ఉత్తరం మీద జూలై ఇరవై ఒకటి అని ఉంది. కవరు మీద పోస్టు ముద్ర ఆగస్టు తొమ్మిది. పందొమ్మిది రోజులు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. పోస్టుడబ్బా మీ వీధి చివరే కదా.

నీ బోణీ మాట ఇక్కడ బాగా పనికొచ్చింది. గోడ మీద అట్టముక్క కట్టి "ఈరోజు బోణీ ఏమిటి?" అని రాశాను. హారిక అని ఒక ఆయా పిల్లలకు అన్నం వడ్డిస్తుంది, ముందుగా ఆమే వచ్చి "నా బోణీ మా అమ్మకు ఫోన్ చేసుడు" అని చెప్పి పోయింది. తర్వాత పిల్లలు రావడం మొదలైంది. కెమిస్ట్రీ రికార్డులో ఒక్క లైను రాసి చూపించినా బోణీ కిందే లెక్క. మొన్న చెప్పిన అబ్బాయి మాత్రం ఇంకా రాలేదు. కొత్త నోటుబుక్కులు మూడు కొన్నాడట, వాటికి అట్టలు వేస్తున్నాడు.

నేను చెప్పినట్టే చేస్తానన్నావు, అది చాలు నాకు. దసరాలోపల ఆపరేషన్ అయిపోవాలి. తేదీ తెలియగానే రాయించు, సెలవు పెడతాను. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను.

వాసవి


మిర్యాలగూడ,
29 సెప్టెంబరు 2024.

వాసవీ, బిడ్డా,

బతుకమ్మకు గునుగు పూలు తెచ్చిండ్రు ఇంట్ల. ముట్టుకుంటె గునుగని తెలుస్తది, ఏ రంగు అద్దిండ్రో తెల్వదు. అడిగితె కోడలు చెప్పింది.

మొన్న స్నానం చేసి దేవునర్రలకు పోయి, కుంకుమ అనుకొని కారం పెట్టుకున్న నొసట. కోడలు వంట చేసుకుంట కారం డబ్బి ఆడ మరిచిపోయిందట. చురచురమన్నంక గాని తెల్వలె. మల్సూర్ అని మిల్లుల హమాలి పని చేస్తడు, బియ్యం బస్తా దించ ఇంటికొచ్చినోడు నన్ను చూసి పొట్ట పట్టుకొని నవ్విండు. నేను కూడ నవ్విన. ఆకాష్ నవ్వలె. లేచి బయటికి పోయిండు. గిది రాయద్దు అంటుండు ఇప్పుడు. రాయి అన్న.

కోదాడలో డాక్టరుగారు పొర ఇంకా ముదరలేదని, దీపావళి తర్వాత చూద్దామని చెప్పినారు. కంగారుపడవలసిన అవసరం ఏమీ లేదు.

నీ మందు నేను వాడుతున్న బిడ్డా. అడుగుత లేను. తిడత లేను. వాళ్ళ నాయన తిట్టవోతే కూడ ఆపుతున్న. ఎప్పటికి గుణమిస్తదో నీకే తెల్వాలె. నీ దగ్గరి పిలగాడు ఎట్లున్నడు? అట్టలేసుడు అయిపోయిందా?

రెండు నెలల ఆదివారాలు అయిపోయినయి. నువ్వు రాలె. ఈసారి గారెలు చేయించలె.

అత్తమ్మ


సూర్యాపేట,
20 అక్టోబరు 2024.

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి తలపట్టుకున్నాను. నువ్వు ఏ మందు వాడుతున్నావు? నేను నీకు మందేమీ చెప్పలేదే. ఎవర్ని అడగడం లేదు, ఎవర్ని తిట్టడం లేదు? మొదట చెవి మందేమో అనుకున్నాను. ఎన్నిసార్లు చదివినా బోధపడలేదు.

ఒక్కటి మాత్రం బోధపడింది. దసరా పోయింది, నీ ఆపరేషన్ కాలేదు. పొర ముదిరేదాకా ఆగాలనేది పాతకాలం మాట. నాకు నమ్మకం కుదరక ఇక్కడి కంటి డాక్టర్‌ని అడిగాను. ఆగకూడదు అన్నారు. బాగా ముదిరితే కంట్లో ఒత్తిడి పెరుగుతుందట, అప్పుడు పోయిన చూపు తిరిగి రాకపోవచ్చట. ఈ ముక్క రెండుసార్లు చదివించుకో.

కోపం తెచ్చుకోకు, ఒక మాట అంటాను. నువ్వు భయపడుతున్నావు. రోజూ పదిమంది పిల్లల్ని చూస్తాను, సాకులు చెప్పేవాళ్ళ వెనకాల ఎప్పుడూ భయమే ఉంటుంది. దీపావళి అంటావు, తర్వాత ఇంకేదో పండగ అంటావు. అందుకని పిల్లలతో చేయించే పని నీతోనూ చేయిస్తాను. కోదాడ దవాఖాన అనగానే నీ మనసులో ఏమేం భయాలు వస్తాయో, వచ్చినవి వచ్చినట్టు ఆకాష్‌కు చెప్పి రాయించు. మంచివా, చెడ్డవా, సిల్లీగా ఉన్నాయా అని చూడొద్దు. వాటిని రెండో కాగితం మీద వేరుగా రాయించు. అది నేను తప్ప ఎవరూ చూడరు.

వాసవి


మిర్యాలగూడ,
3 నవంబరు 2024.

వాసవీ,

నాకు భయమని రాసినవట. ఏం భయం బిడ్డా? నలుగురు పిల్లల్ని ఇంట్లనే కన్న. మీ మామ పోయిననాడు ఇరవై లారీల వడ్లు గేటు ముందు నిలబడితె నేనే పోయి, గింజ కొరికి, పచ్చి ఉందా ఎండిందా చెప్పి దించుకున్న. కన్నుకు కత్తెర పెడితె భయపడతనా? తేదీ చెప్పు, ఇప్పుడే చీరె కట్టుకుంట.

ఇక్కడ కోతలు మొదలైనయి. నేరేడుచర్ల దిక్కు నుంచి ట్రాక్టర్లు బారులు కట్టినయి. రామలింగం ఇంటికి తినటానికే వస్తుండు. మిల్లు దుమ్ము వాసన ఇంటిదాక వస్తది, దాంతోనే నాకు ఏ కాలమో తెలుస్తది.

పిల్లలను బాగ చూసుకో.

అత్తమ్మ

[రెండో కాగితం]

కోదాడ బస్టాండుల దిగంగనే కాళ్ళు ముందుకు పడవు.

లోపలికి పోతె "ఇన్నిరోజులు ఏం చేసినవ్" అని అడుగుతరు.

మొదట పోయినప్పుడు ఒక కాగితం తక్కువైంది. తెల్లారి పోతె అయిపోయేది. పోలె. మూడో రోజు పోతె నిన్న ఎందుకు రాలేదంటరని పోలె. ఇప్పటికి నూట ఎనిమిది రోజులు.

డాక్టరు చూసి, లేటయింది, ఇగ చూపు రాదు అంటె? ఎవరి వల్ల అని అడిగితె?

రోజు పొద్దున లేచి కుంకుమ డబ్బి ఒకదిక్కు, కారం డబ్బి ఒకదిక్కు పెడుతున్న. చేసే పని అదొక్కటే.


సూర్యాపేట,
22 నవంబరు 2024.

అత్తమ్మా,

మూడో తారీకు రాసిన ఉత్తరం, ఇరవయ్యో తారీకు ముద్రతో నిన్న అందింది. నువ్వు నిజంగానే నాకంటే ధైర్యం గలదానివి. నిన్ను భయస్తురాలు అన్నందుకు నన్ను క్షమించు. తేదీ త్వరలోనే వస్తుంది, చీర తీసి పెట్టుకో.

నాన్నకు కూడా ఆ గింజ కొరికే అలవాటు ఉండేది, గుర్తుందా? పెళ్ళికి వెళ్ళినా బియ్యం బస్తా కనపడితే ఒక గింజ నోట్లో వేసుకునేవాడు.

వాసవి

[రెండో కాగితం]

ఈ కాగితం రెండో కాగితం రాసినవాళ్ళకు మాత్రమే.

నిన్న సాయంత్రం నుంచి నాకు పిచ్చెక్కినట్టుంది. మొదటి కాగితంలో భయమే లేదని ఉంది. రెండో కాగితంలో భయం తప్ప ఏమీ లేదు. కళ్ళు కనపడని మనిషి కారం డబ్బీ ఎట్లా దూరం పెడుతుందా అని ఆలోచించి, ఆలోచించి, అప్పుడు పాత ఉత్తరాలన్నీ తీసి పరిచాను. పోస్టు ముద్రలు చూశాను. నేను ఇన్ని నెలలూ ఎవరికి ధైర్యం చెప్తున్నానో, ఎవరికి చెప్పాలో ఇప్పుడు తెలిసింది. పేరు రాయను.

రామలింగం బావకు చెప్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చెయ్యలేదు. కోదాడ దవాఖానకు చేశాను. అక్కడ మూడే అడుగుతారు: పేరు, వయసు, ఏ కన్ను. డాక్టర్ రాసిన చీటీ, ఆధారూ, షుగరు పరీక్ష కాగితం తెస్తే చాలన్నారు. ఎందుకు ఆలస్యమైందని అడిగే బల్ల అక్కడ లేదు.

నీ బోణీ ఇది. రేపు మీ బస్టాండుకు పోయి, కోదాడ బస్సులు ఎన్నింటికి ఉన్నాయో బోర్డు మీద చూసి రా. బస్సు ఎక్కొద్దు. చూసి రా, అంతే. ఎల్లుండి ఆ మూడు కాగితాలు ఒక కవరులో పెట్టు. అంతే. ఆ మర్నాడు ఏం చెయ్యాలో నీకే తెలుస్తుంది.

డిసెంబరు మూడు దాకా చూస్తాను. నాలుగున నేను బావకు చెప్తాను. కన్ను మన కోసం ఆగదు, అందుకే చెప్పక తప్పదు.

ఇంకొకటి. నాలుగు నెలలుగా వచ్చే ఆదివారం వస్తానని రాస్తున్నాను. రెండు గంటల దారి. మా నాన్న పోయాక అత్తమ్మ దగ్గరికి రాలేదు, ఆమె ముఖం అచ్చం నాన్న ముఖం. చూస్తే తట్టుకోలేనని వాయిదా వేస్తున్నాను. కాబట్టి నిన్ను తిట్టే అర్హత నాకు లేదు.

వా.


మిర్యాలగూడ,
3 డిసెంబరు 2024.

చిన్నమ్మా,

నేను ఆకాష్‌ని. ఈ ఉత్తరం నాయనమ్మ చెప్పింది కాదు, నేనే రాస్తున్నా. నాలుగో తారీకు అన్నావు కాబట్టి సూర్యాపేట బస్సు కండక్టర్ చేతిలో పెట్టి పంపుతున్నా, మీ బస్టాండు ముందు కిరాణం రాజారత్నం దుకాణంలో ఇస్తాడు, తీసుకొమ్మని వాళ్ళు నీకు ఫోన్ చేస్తరు. పోస్టుడబ్బా మీద నాకే నమ్మకం లేదు. డబ్బా తప్పు కాదనుకో.

జూలైలో ఆ గురువారం కోదాడ పోయింది నిజమే. షుగరు కాగితం మరిచిపోయిన. తీసుకొని రమ్మన్నరు. కాగితం ఇంట్లనే ఉంది, టీవీ కింద. ఇంటికొచ్చి నాయనమ్మకు "తేదీ ఇస్తరట" అని చెప్పిన. ఎందుకట్ల చెప్పిన్నో ఇప్పటికీ తెలవదు. ఒక్కరోజు మాట అనుకున్న. తర్వాత బాపు అడిగితే పొర ముదరలేదన్నరని చెప్పిన. సెప్టెంబరు ఉత్తరంలో అదే రాసిన, అది నాయనమ్మ మాట కాదు. నువ్వు దాని గురించి రాసినవన్నీ ఆమెకు చదవకుండా దాటేసిన. నీ ఉత్తరం రెండు పేజీలుంటే ఆమె విన్నది అర పేజీ. ఆమె చెప్పింది రాసి పోస్టు చెయ్యడానికి కూడా భయమయ్యేది, నీ నుంచి మళ్ళ జవాబొస్తదని. పరీక్ష ఫీజు సంగతి కూడా గిట్లనే అయింది, అది వేరే కథ.

పోయిన వారం సోమవారం బస్టాండు పోయి బోర్డు చూసిన. ఎక్కొద్దని రాసినవు కదా, ఎక్కబుద్ధి అయింది. ఎక్కలె. తెల్లారి కాగితాలు కవర్ల పెట్టిన. కవరు రోజూ జేబుల పెట్టుకొని తిరిగిన. ఐదు రోజులు అట్లనే తిరిగిన, అబద్ధం చెప్పను. నిన్న పొద్దున నాయనమ్మ చాయ్ తాగుతుంటే "పోదామా" అన్న. ఎక్కడికి అని కూడా అడగలె. లోపలికి పోయి కొత్త చీర కట్టుకొనొచ్చింది.

కౌంటర్ల కూర్చున్నాయన కోదాడ మనిషి. "పేరు చెప్పండి. వయసెంత? ఏ కన్నండీ?" అన్నడు. నేను ఇంకేమన్న అడుగుతడేమోనని నిలబడ్డ. "అంతేనండి, పక్కకి రండి" అన్నడు. నాకు ఏడుపొచ్చింది చిన్నమ్మా. నూట ముప్పై ఏడు రోజులు గీ మూడు మాటల కోసమా అనిపించింది.

డాక్టరమ్మ చూసింది. కుడికన్ను పొర బాగా ముదిరిందట, ఒత్తిడి పెరిగిందట. పన్నెండో తారీకు ఆపరేషన్. చూపు ఎంత వస్తదో చెప్పలేమన్నది. ముందుగా వస్తే బాగుండేది అని ఒక్కసారే అన్నది, మళ్ళ అనలె. ఎడమకన్నుల ఒత్తిడి లేదు, దానికి తర్వాత చేస్తరట. డాక్టరమ్మ మాట్లాడింది నాయనమ్మకు ఇనపడలె. బయటికొచ్చినంక "ఏమన్నది రా" అని అడిగింది. పన్నెండున రమ్మన్నది అని చెప్పిన. మిగతాది చెప్పలె.

చెప్పాలా? ఎట్ల చెప్పాలె?

ఆకాష్


సూర్యాపేట,
5 డిసెంబరు 2024.

ఆకాష్,

ఉత్తరం నిన్న రాజారత్నం దుకాణంలో అందింది. బావకు ఫోన్ చెయ్యలేదు.

చెప్పాలి. ఆపరేషన్‌కు ముందే, నువ్వే, మంచి చెవి దిక్కు కూర్చొని చెప్పాలి. తర్వాత ఆమె తిడితే తిట్టించుకో. ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. రోజూ పదిమందికి సలహాలు ఇచ్చేదాన్ని, నాకే ఈ సంగతిలో దారి కనపడటం లేదు. ఆమె ఇన్ని నెలలు ఒక్కసారైనా నిన్ను గట్టిగా ఎందుకు అడగలేదో కూడా నాకు అర్థం కావడం లేదు.

పన్నెండు గురువారం. కోదాడకు నేను వస్తున్నాను. ఆదివారం కాదు, గురువారమే.

చిన్నమ్మ


మిర్యాలగూడ,
2 మార్చి 2025.

వాసవీ,

ఈ అక్షరాలు నావి. పెద్దగ ఉన్నయి, వంకరగ ఉన్నయి, గీత మీద నిలబడుత లేవు. ఎడమకన్నుకు చేసి నెల దాటింది, మొన్న అద్దాలు వచ్చినయి. నాలుగు రోజుల సంది రాస్తున్న ఈ ఒక్క ఉత్తరం. కాపీ రాసుడు లెక్క ఉంది.

కుడికన్ను సంగతి నువ్వు అడుగుతవు. వెలుగు తెలుస్తది, నీడ తెలుస్తది, మనిషి తెల్వడు. ఇగ గంతే అన్నరు. బాధ లేదని రాస్తె అబద్ధం అయితది. ఉంది. సూదిల దారం ఎక్కియ్యవోతె ఏడుపొస్తది.

అద్దాలు వచ్చిన పొద్దున మొదలు చేసిన పని నీ ఉత్తరాలన్నీ తీసి చదువుకునుడు. దాంట్ల ఆకాష్ దాటేసినవి అన్నీ చదివిన. నీకొక మాట చెప్పాలె, చెప్పకపోతె నువ్వు వాణ్ణే అనుకుంటవు.

నాకు ముందే తెలుసు బిడ్డా. నువ్వు పంపిన కాగితాలు నేను చేతుల పట్టుకొని తడిమేదాన్ని. పెన్ను ఒత్తింది ఏలుకు తెలుస్తది. రెండు కాగితాల నిండ ఒత్తి ఉంటె వాడు చదివింది రెండు నిమిషాలు. వడ్ల తేమ చేతుల చూసినదాన్ని, నాకు గది తెల్వదా? వాడు కోదాడ నుంచి వచ్చిననాడే, తేదీ తేలేదని కూడ తెలుసు.

మరి ఎందుకు అడగలేదంటవు. నువ్వే వద్దన్నవు కద. నీ మొదటి ఉత్తరంల రాసిన పిలగాడు మా ఆకాషే అనుకున్న. వీనికి కూడ పరీక్షల మాట ఎత్తితె కంచం కాడికెల్లి లేస్తుండె. రామలింగం నీకు ఫోన్‌ల చెప్పిండు, నువ్వు వాని పేరు పెట్టక, వాని నోటితోనే చదివించి, నాకు మందు చెప్పినవు అనుకున్న. ఎంత తెలివి గల్ల పిల్ల అని సంబరపడ్డ. తిట్టద్దు, మళ్ళమళ్ళ అడగద్దు, పక్కన కూసో అన్నవు. కూసున్న. ఉత్తరాలు కూడ అందుకే వానితోని రాయించిన, కోడలైనా రాయగలదు, కానీ నెలకు ఒక పనన్న వాడు మొదలువెట్టి ముగిస్తడని. ఆ పిలగాడు నీ కాలేజీల నిజంగ ఉన్నడని, మొన్న నీ ఉత్తరాలు కండ్లతోని చదివితె తెలిసింది. అట్టలేసుడు అంటే వీని గురించి ఏదో మర్మంగ రాసినవు అనుకున్న.

కన్ను మసకైతుందని తెలుసు. ఎంత దూరం పోతదో తెల్వదు, అది నిజం. నువ్వు రాసిన ఒత్తిడి మాట వాడు చదవలె. చదివితె నేను ఆగేదాన్నో లేదో చెప్పలేను. రామలింగానికి చెప్తె వాణ్ణి కొట్టేటోడు, వాడు ఇల్లు ఇడిసి పోయేటోడు. నాకు కండ్లు రెండున్నయి, మనుమడు ఒక్కడు.

ఆపరేషన్ పొద్దున, నువ్వు ఇంక రాకముందు, వాడు నా మంచి చెవి దిక్కు కూసొని అంతా చెప్పిండు. నాకు తెలుసురా అన్న. ఆ మాటకే వాడు ఎక్కువ ఏడ్చిండు. తిడతనని వచ్చినోనికి తిట్టు దొరకలె. తర్వాత నువ్వు వచ్చి నా చెయ్యి పట్టుకున్నవు. నీ చేతి ఏళ్ళు మా తమ్ముని ఏళ్ళే, కండ్లకు గంతలు కట్టినా గుర్తుపట్టిన. నువ్వు కూడ ఏడుస్తున్నవని తెలిసింది. మంచిగైంది, ఏడ్చుడు అయిపోయింది, ఇగ నా మొఖం చూడటానికి నీకు భయమేం లేదు.

నువ్వు రోజు పిల్లలకు ఇదే మందు చెప్తవు కద. చెప్పు, మంచి మందే. కానీ ఎన్నిరోజులు ఆగాలో కూడ చెప్పు బిడ్డా. డిసెంబరు నాలుగు అని వానికి చెప్పినవు చూడు, అట్ల. నాకు నువ్వు తేదీ చెప్పలె.

నిన్న పొద్దున నేను పూజ చేసి వచ్చి కూసున్న. ఆకాష్ వచ్చి నా ఒళ్ళె ఒక కాగితం పెట్టిండు. అద్దాలు పెట్టుకొని చూసిన. వాని ఫోటో ఉంది, కాలేజీ ముద్ర ఉంది, రెండు పరీక్షల పేర్లు ఉన్నయి. హాల్ టికెట్ అంటరట. ఫీజు ఎప్పుడు కట్టినవ్ రా అంటె, ఫీజు తీసుకునుడు మొదలైన రోజే కట్టిన, నీకు చెప్పలె అన్నడు. పరీక్ష పద్దెనిమిదిన ఉంది. పాసయితడో కాడో నేను అడగలె.

దాన్ని బోణీ పైసల లెక్క కండ్లకు అద్దుకున్న. కనపడేదానికి ఒకసారి, కనపడనిదానికి ఒకసారి.

మీ అత్తమ్మ
పుష్పావతి